నూట పద్దెనిమిది మరియలు

మా ఫాదర్ ఫోటిస్‌కి ఆయాసం. దీవిలో అందరికీ తెలిసిన సంగతే, కానీ ఆత్మల శనివారం వచ్చిందంటే ఒక్కరికీ గుర్తుండదు. ఆ రోజు పొద్దున్నే ఆడవాళ్ళంతా ఉడికించిన గోధుమల పళ్ళేలు పట్టుకుని చర్చికి వస్తారు. గోధుమల మీద పంచదార, దానిమ్మ గింజలు. పళ్ళెంతో పాటు ఒక చీటీ. అందులో ఆ ఇంట్లో పోయినవాళ్ళ పేర్లుంటాయి. ఇంటిపేరు రాయరు, తండ్రి పేరు రాయరు, బాప్తిస్మంలో పెట్టిన పేరొక్కటే. ఫాదర్ ఆ చీటీలన్నీ పైకి చదవాలి. మరియ, యోర్గోస్, మరియ, నొమికోస్, మరియ, మరియ. మా దగ్గర తాత పేరు మనవడికి, అమ్మమ్మ పేరు మనవరాలికి తప్పకుండా పెడతారు. కొత్త పేరు పెడితే పెద్దవాళ్ళు మాట్లాడటం మానేస్తారు. అందుకని దీవి మొత్తం కలిపి పేర్లు తక్కువ, మనుషులు ఎక్కువ.

కిందటేడు ఆ చదవడానికి రెండు గంటల ఏడు నిమిషాలు పట్టింది. చర్చిలో ఎడమ పక్కన నిలబడి పాటలు పాడేది నేనే కాబట్టి గడియారం చూసి చెబుతున్నాను. మధ్యలో ఫాదర్ మూడుసార్లు గోడ పట్టుకున్నాడు. ఎవరూ కదల్లేదు. తన చీటీ ఎప్పుడొస్తుందో తెలియనప్పుడు ఎవరు మాత్రం కదులుతారు.

నా పేరు థెమెలిస్. దీవి గణాంకాల ఆఫీసులో ఇరవై ఆరేళ్ళుగా పనిచేస్తున్నాను. ఆఫీసంటే నేను, ఒక కంప్యూటరు, ఏథెన్స్ నుంచి పంపిన ఒక కుండీ మొక్క. నాకు పదకొండు రోజులు శిక్షణ ఇచ్చి ఆర్ నేర్పించారు. ఆర్ అంటే గణాంకాల వాళ్ళు వాడే కంప్యూటర్ భాష. అందులో పేర్లనో అంకెలనో వరసగా పేర్చి పెడితే దాన్ని వెక్టర్ అంటారు. రెండు వెక్టర్లు చేతిలో ఉంటే మూడు పనులు చెయ్యొచ్చు. యూనియన్ అంటే, రెండింట్లో ఉన్నవన్నీ కలిపి ఒక్కొక్కటి ఒక్కసారే ఇస్తుంది. ఇంటర్‌సెక్ట్ అంటే, రెండింట్లోనూ ఉన్నవి ఇస్తుంది. సెట్‌డిఫ్ అంటే, మొదటిదాంట్లో ఉండి రెండోదాంట్లో లేనివి ఇస్తుంది. మనిషికి ఈ మూడూ చేతనైతే లోకంలో సగం గొడవలు ఉండవని నా నమ్మకం. మా అమ్మాయి పెళ్ళి పిలుపుల జాబితా ఇలాగే తీశాను. అప్పటి నుంచి మా ఆవిడ కల్యోపి తరఫు వాళ్ళు ముగ్గురు మాతో మాట్లాడటం లేదు, అది వేరే సంగతి.

ఈ ఏడు ఫాదర్ కష్టం చూడలేక నేనే ముందుకొచ్చాను. చీటీలు మంగళవారమే తెప్పించాను. నూట ఎనభై ఆరు చీటీలు, పదమూడు వందల పన్నెండు పేర్లు. ఒక్కో ఇంటికి ఒక్కో వెక్టర్ కట్టి అన్నీ ఎక్కించాను. దేవుడి దగ్గరికి వచ్చిన కాగితాలు చెత్తబుట్టలో వెయ్యకూడదు కాబట్టి చీటీలు ఫాదర్‌కి తిరిగిచ్చాను. ఆయన వాటిని ధూపం నిప్పుల్లో కాల్చేశాడు. తర్వాత వెక్టర్లన్నిటినీ యూనియన్ చేశాను. తొంభై నాలుగు పేర్లు వచ్చాయి. ఒక్క కాగితానికి సరిపోయాయి. ఆ కాగితం చూసి ఫాదర్ ఫోటిస్ జైల్లోంచి వదిలేసిన మనిషిలా నా భుజం తట్టాడు.

శనివారం చదవడం ఆరు నిమిషాల్లో అయిపోయింది. కొవ్వొత్తులు గోరంత కూడా కరగలేదు. ఫాదర్ కాగితం మడిచి, ఊపిరి నిండా పీల్చి, అందరి వైపూ సంతోషంగా చూశాడు. ఎవరూ పళ్ళేలు ఎత్తలేదు.

ముందు వరసలోంచి సెవస్తి అడిగింది. ఆవిడ రొట్టెల కొట్టు యజమానురాలు, రొట్టె కొనేవాళ్ళు కూడా ఆవిడకి భయపడతారు. “మిగతాది ఎప్పుడు ఫాదర్?”

“అంతేనమ్మా. అందరూ వచ్చేశారు.”

“యోర్గోస్ అని ఒక్కసారి చదివారు. మా ఇంట్లోనే ముగ్గురున్నారు. ఏ యోర్గోస్‌ని చదివారు?”

ఎవరెవరో దేవుడికి తెలుసని ఫాదర్ నెమ్మదిగా చెప్పాడు.

“దేవుడికి తెలిసిన దానికైతే, నేను రెండ్రోజులు పొయ్యి దగ్గర కూర్చుని గోధుమలెందుకు ఉడకబెట్టినట్టు?” అంది సెవస్తి.

ఫాదర్ మడిచిన కాగితం మళ్ళీ విప్పి చూసుకున్నాడు. ఆయన నా వైపు చూశాడు. ఆయన్ని చూసి చర్చి మొత్తం నా వైపు చూసింది. అప్పుడు నేను ఊరుకుని ఉండాల్సింది. ఊరుకోలేదు. ఏ పేరూ పోలేదని, మళ్ళీ మళ్ళీ వచ్చినవి మాత్రమే తీశామని వివరించాను. అంతటితో ఆగకుండా, ఒక్కసారే వచ్చిన పేర్లు ముప్పై ఒకటి ఉన్నాయని, కనీసం ఆ ముప్పై ఒక్క మందినీ ఏ అనుమానమూ లేకుండా చదివినట్టేనని కూడా చెప్పాను. అకిందినోస్ అనే పాత పేరున్న ఒకాయన భార్య తృప్తిగా పళ్ళెం ఎత్తుకుని ఇంటికి పోయింది. మిగతావాళ్ళు నన్ను మాటలతో ఉతికి ఆరేశారు. మా మరియ మీ మరియ అవుతుందా అంది ఒకావిడ. చదివిన మరియ మాది కాదు, మా అత్త గొంతు పెద్దది, ఆవిడైతే నాకు తెలిసిపోయేది అంది ఇంకొకావిడ. ఇలా నూట పద్దెనిమిది మరియల తరఫు వాళ్ళూ ఆ ఒక్క మరియ తమది కాదని తేల్చేశారు.

గొడవ సద్దుమణిగాక ఒకావిడ మాత్రం నా దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకుంది. మెట్ల వీధి చివరింటి అనెజీనా అత్త, డెబ్భై తొమ్మిదేళ్ళ మనిషి. “చక్కగా చేశావు నాయనా. ప్రతి ఏడాదీ ఇలాగే చెయ్యి,” అని చెప్పి వెళ్ళిపోయింది. నా లెక్క అర్థమైన మనిషి దీవిలో ఒక్కరైనా ఉన్నందుకు పొంగిపోయాను. నాకెంత అర్థమైందో తర్వాత తెలిసింది.

అదృష్టమో ఏమో, మా పంచాంగంలో పెద్ద ఉపవాసాలకి ముందు ఆత్మల శనివారాలు వరసగా రెండు వస్తాయి. వచ్చే శనివారం తప్పు దిద్దుకోవాలని చర్చి వాకిట్లోనే తీర్మానం జరిగింది. తీర్మానం అంటే సెవస్తి చెప్పింది, అందరూ తలూపారు. ఈసారి పోయినవాళ్ళలో ఎవరికి వారే ఉండాలి. పేరు పక్కన తండ్రి పేరు, పుట్టిన ఏడు, చర్చి బాప్తిస్మాల పుస్తకంలో పేజీ నంబరు. జాబితా గురువారం చర్చి తలుపుకి అంటించాలి, ప్రతి ఒక్కరూ తమవాళ్ళని వేలు పెట్టి చూసుకోవాలి. పేజీ నంబరు మాట వినగానే ఫాదర్‌కి ఉత్సాహం వచ్చింది. ఆ ప్రార్థన బాప్తిస్మం అయినవాళ్ళకే, పుస్తకంలో లేని పేరు నా నోట రాదు, ఇన్నేళ్ళూ చీటీలు నమ్మి చదివాను, ఇక మీదట సరిచూసే చదువుతాను అన్నాడు. ఆయన మంచివాడే. రూలు దగ్గర మాత్రం గోడ.

సోమ, మంగళవారాలు నా ఆఫీసు ముందు ఆడవాళ్ళు బారులు తీరారు. ఇరవై ఆరేళ్ళలో నా ఆఫీసుకి అంతమంది రావడం అదే మొదలు. మంగళవారం మధ్యాహ్నం అనెజీనా అత్త వచ్చింది. తన ఇంటి పేర్లన్నిటికీ వివరాలు చెప్పింది. చివర్న ఒక మరియ మిగిలింది.

“అది తీసెయ్ నాయనా. ఇద్దరు మరియలు ఉన్నారుగా మాకు, చాలు.”

ఈసారి ఎవరినీ తీసెయ్యడం జరగదని, తీసేస్తే సెవస్తి నన్నే తీసేస్తుందని చెప్పాను. హాస్యమాడాననుకున్నాను. ఆవిడ నవ్వలేదు. తండ్రి పేరు అడిగితే కిటికీలోంచి బయటకి చూస్తూ మనోలిస్ అంది. మనోలిస్ ఆవిడ భర్త, పోయి పన్నెండేళ్ళయింది. పుట్టిన ఏడు అడిగితే 1968 అని చెప్పి, సంచి తీసుకుని లేచిపోయింది. ఆవిడకి పిల్లలెవరూ లేరనే దీవిలో అందరం అనుకునేవాళ్ళం. పసితనంలోనే పోయిన బిడ్డ ఉందేమోలే అనుకుని ఎక్కించేశాను. అంతకు మించి ఆలోచించలేదు. నా ముందు ఇంకా తొమ్మిది మంది నిలబడి ఉన్నారు.

బుధవారం అసలు పని. బాప్తిస్మాల పుస్తకం మొత్తం అంతకు ముందే నా చేతుల మీదుగా కంప్యూటర్లోకి ఎక్కింది. పేరు, తండ్రి, ఏడు మూడూ కలిపి చీటీల వెక్టర్ ఒకటి, పుస్తకం వెక్టర్ ఒకటి తయారుచేశాను. సెట్‌డిఫ్ నడిపితే పుస్తకంలో లేనివాళ్ళు బయటపడాలి. మొదటిసారి రెండు వేల తొమ్మిది వందల పైచిలుకు పేర్లు వచ్చి పడ్డాయి. కళ్ళు తిరిగాయి. తీరా చూస్తే వరస తిరగేశాను, పుస్తకాన్ని ముందు పెట్టాను. అంటే వచ్చినవాళ్ళు బతికున్న మనమంతా, ఇంకా చీటీ రాసే దిక్కు లేకుండా పోయినవాళ్ళు. నా పేరు కూడా అందులో ఉంది. సెట్‌డిఫ్‌లో ఏది ముందు ఏది వెనక అన్నది కొత్తగా నేర్చుకునేవాళ్ళకి మొదటి రోజే చెబుతారు.

సరిచేసి నడిపాను. నలభై మూడు పేర్లు. వాటిలో నలభై రెండు ఎవరివో చూడగానే తెలిసిపోయాయి. పక్క దీవుల నుంచి కోడళ్ళుగా వచ్చినవాళ్ళు, ఇల్లరికం వచ్చిన ఇద్దరు అల్లుళ్ళు. వాళ్ళ ఊళ్ళ ఫాదర్లకి ఫోన్ చేసి, పేజీ నంబర్లు అడిగి, వేరే వెక్టర్ కట్టి, యూనియన్‌తో పుస్తకానికి కలిపాను. మళ్ళీ సెట్‌డిఫ్. ఒక్క పేరు మిగిలింది. మరియ, మనోలిస్, 1968.

ఏడు తప్పు చెప్పిందేమోనని ముందు వెనక పదేళ్ళు వెతికాను. లేదు. మా దీవిలో పుట్టిన బిడ్డని వేరే ఊళ్ళో బాప్తిస్మానికి ఎవరూ తీసుకెళ్ళరు. అప్పుడు బుర్రకి తట్టింది. నిన్న ఆవిడ తీసెయ్‌మన్నది ఎందుకో, శనివారం నా చెయ్యి పట్టుకున్నది ఎందుకో రెండూ ఒక్కసారే తట్టాయి. నా తెలివికి నేనే సిగ్గుపడ్డాను. కంప్యూటర్ ఆపి మెట్ల వీధికి పోయాను.

అనెజీనా అత్త గుమ్మంలో కూర్చుని శనగలు ఏరుతోంది. నన్ను చూడగానే పళ్ళెం పక్కన పెట్టింది. కాఫీ పెట్టనా అని అడగలేదు, అంటే ఎందుకొచ్చానో తెలిసింది. పుస్తకంలో దొరకలేదత్తా అన్నాను. దొరకదు అంది. 

“ఆగస్టు నెల,” అంది తర్వాత. “మనోలిస్ సముద్రంలో మునిగి స్పాంజీలు తియ్యడానికి లిబియా పోయాడు. మంత్రసాని పై ఊళ్ళో ఉంది. నేనొక్కదాన్నే. పిల్ల పుట్టింది, ఏడవలేదు. కొంచెంసేపు ఊపిరుంది. పొద్దున మంత్రసాని వచ్చి, గుడ్డలో చుట్టి పట్టుకుపోయింది. ఎక్కడ పెట్టారో చెప్పలేదు. అడగకూడదన్నారు.”

బాప్తిస్మం లేని బిడ్డకి సమాధి లేదు, ప్రార్థన లేదు, పేరు కూడా లేదు. అప్పటి రోజుల్లో అంతే. మనోలిస్ తిరిగొచ్చాక ఒకసారి అడిగాడట, ఆవిడ చెప్పిందట, ఇంక పోయేదాకా ఆ మాట ఎత్తలేదట. ఆ తర్వాత వచ్చిన ఆత్మల శనివారానికి చీటీ రాస్తుంటే, అప్పటికే ఉన్న ఇద్దరు మరియల కింద తన చెయ్యే ఇంకో మరియ రాసేసిందట. అది ఆవిడ తల్లి పేరు. బతికుంటే పిల్లకి పెట్టే పేరు.

“అన్ని మరియల్లో ఎవరు చూస్తారనుకున్నా. ఎవరూ చూళ్ళేదు. యాభై ఆరేళ్ళు, నాయనా. దాని పేరు ఇంకో మనిషి నోట వినేది ఏడాదికి ఆ ఒక్కసారే. మొన్న శనివారం ఒక్క మరియనే చదివారు. అందరూ మాది కాదు, మాది కాదు అన్నారు కదా. అయితే అది నాదే అనుకున్నా. ఎంత సంతోషమేసిందో.”

నాకు ఏడుపొచ్చింది.  బిడ్డ పోయేలా ఉండి, ఫాదర్ దగ్గర్లో లేకపోతే, ఎవరైనా సరే ఆ బిడ్డని మూడుసార్లు గాల్లోకి ఎత్తి పేరు పెట్టి పిలిస్తే బాప్తిస్మం అయినట్టే. ఇది మా చర్చి ఒప్పుకునే పద్ధతే, తర్వాత ఫాదర్ పుస్తకంలో రాస్తాడు. ఆ సంగతి అప్పుడు తెలియదా అత్తా అని అడిగాను.

“ఇరవై మూడేళ్ళదాన్ని. ఒంటి మీద తెలివుంటే కదా. తర్వాత తెలిసింది.”

“ఎత్తావా మరి, దాన్ని?”

“ఎత్తాను. బాప్తిస్మమని కాదు. ఏడుస్తుందేమోనని ఎత్తాను. మళ్ళీ ఎత్తాను. మరియా, మరియా అని పిలిచాను.”

“ఎన్నిసార్లు?”

ఆవిడ నన్ను చాలా ఓపిగ్గా చూసింది. “లెక్కపెట్టుకుంటానా నాయనా?”

నేను లెక్కలు చేసే మనిషిని.  ఆవిడ శనగల పళ్ళెం మళ్ళీ ఒళ్ళో పెట్టుకుంది. “తీసెయ్. గొడవొద్దు. ఈ వయసులో ఫాదర్ ముందు దోషిలా నిలబడలేను. నాకెలాగూ తెలుసు దాని పేరు,” అంది. కానీ చేతులు శనగల్ని ఏరడం లేదు, ఊరికే కలుపుతున్నాయి.

ఆ సాయంత్రం ఇంట్లో కల్యోపి రెండుసార్లు పిలిస్తే గానీ నేను పలకలేదు. దారులు మూడున్నాయి. పేరు తీసేస్తే జాబితా నికార్సుగా ఉంటుంది, కానీ తలుపు మీద నూట పదిహేడు మరియలుంటారు, అనెజీనా అత్త వేలు పెట్టి చూసుకోవడానికి ఏమీ ఉండదు. ఏదో ఒక పేజీ నంబరు వేసేస్తే సెవస్తి పుస్తకం తెరిపించి మరీ చూస్తుంది. మూడోది, ఫాదర్‌తో ఉన్నదున్నట్టు చెప్పడం. ఉన్నదున్నట్టు చెబితే ఆయన ఉన్నదున్నట్టే రూలు చెబుతాడు. ఈ విషయంలో యూనియన్ గానీ ఇంటర్‌సెక్ట్ గానీ నాకు పనికిరాలేదు.

గురువారం పొద్దున జాబితా పట్టుకుని ఫాదర్ గదికి పోయాను. ఆయన బాప్తిస్మాల పుస్తకం ముందు పెట్టుకుని ఒక్కో వరసా వేలితో చూసుకుంటూ వచ్చాడు. గంటన్నర. మధ్యలో ఆయాసం ఆపుకోవడానికి రెండుసార్లు ఆగాడు. చివరి పేజీలో ఆయన వేలు నిలిచిపోయింది.

“దీనికి పేజీ నంబరు లేదే.”

చెప్పాను. ఆగస్టు, లిబియా, పై ఊళ్ళో మంత్రసాని, కొంచెంసేపు ఉన్న ఊపిరి, అన్నీ చెప్పాను. అనెజీనా అత్త బిడ్డని గాల్లోకి ఎత్తిందని చెప్పాను. ఇన్నాళ్ళూ భయపడి రాయించుకోలేదన్నాను. ఫాదర్ కళ్ళద్దాలు తీసి పుస్తకం మీద పెట్టాడు.

“పేరు పెట్టి పిలిచిందా?”

“పిలిచింది.”

“ఎన్నిసార్లు ఎత్తింది?”

ఆయన నన్నే చూస్తున్నాడు. తన ఊపిరిని నిమిషాలతో సహా లెక్కపెట్టిన మనిషినని, లేని అంకె నా నోట రాదని ఆయనకి తెలుసు.

“మూడు,” అన్నాను.

“నువ్వు లెక్క తప్పు చెప్పవు కదా, థెమెలీ.”

“చెప్పను ఫాదర్.”

ఆయన కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నాడు. 1968 పేజీ తీశాడు. ఆగస్టు నెలలో ఇద్దరి పేర్ల మధ్య చోటు లేదు. అంచు మీద నిలువుగా, చిన్న అక్షరాలతో రాశాడు. మరియ. తండ్రి మనోలిస్, తల్లి అనెజీనా. బాప్తిస్మం ఇచ్చింది ఎవరు అనే చోట తల్లి అని రాశాడు. సిరా ఆరేదాకా పుస్తకం మూయలేదు. పేజీ నంబరు రెండు వందల పద్నాలుగు.

ఆఫీసుకి పోయి ఆ నంబరు ఎక్కించి సెట్‌డిఫ్ మళ్ళీ నడిపాను. మొదటిదాంట్లో ఉండి రెండోదాంట్లో లేనివాళ్ళు ఎవరూ లేకపోతే ఆర్ ఒక సున్నా రాసి ఊరుకుంటుంది. సున్నా వచ్చింది. ఇరవై ఆరేళ్ళలో నేను అబద్ధం కలిపి తీసిన జవాబు అదొక్కటే. ఇంకోసారి నడిపి సరిచూసుకుని, జాబితా అచ్చు తీసి, చర్చి తలుపుకి అంటించాను.